ఎనభై సీట్లు, ఊరందరి ఆశలు

మా మండలంలో ఓ పిల్లాడు పదకొండేళ్లు నిండేలోపు ఎన్ని ప్రవేశ పరీక్షలు రాస్తాడో చెబితే పట్నం వాళ్లు ఆశ్చర్యపోతారు. నాలుగో తరగతి చదువుతుండగానే గురుకులం పరీక్ష. ఐదుకు రాగానే నవోదయ, ఆ వెంటనే సైనిక్ స్కూలు. అవేవీ కాకపోతే వేసవిలోపు ఆదర్శ పాఠశాల. ఇవి కాక బడిలో మేం పెట్టేవి ఎలాగూ ఉంటాయి.

నేను విజయనగరం జిల్లా పల్లెబడుల్లో ఏళ్ల తరబడి నాలుగు, ఐదు తరగతులకు చెబుతున్న టీచర్ని. ఈ పరీక్షలకు దరఖాస్తులు నింపించాను. పుట్టినతేదీలు సరిచూశాను. సీటొచ్చిన ఇళ్లలో మిఠాయి తిన్నాను, రానివాళ్ల ఇళ్ల ముందు మాటలూ పడ్డాను. ఇన్నేళ్లలో నాకు గట్టిగా అనిపించింది ఒక్కటే. నవోదయ పరీక్ష రెండు గంటలది. పిల్లలు రాయొచ్చు, రాయాలి కూడా. ఆ రెండు గంటల కోసం పిల్లల బాల్యంలోంచి రెండేళ్లు కోసేసుకోవడం మాత్రం అన్యాయం.

ఇంత ఆశ ఎందుకంటే

తల్లిదండ్రుల్ని తిట్టడం తేలిక. వాళ్ల ఆశకు కారణాలున్నాయి, చరిత్ర కూడా ఉంది.

కోరుకొండ సైనిక్ స్కూలు మా జిల్లాలోనే ఉంది. విజయనగరం రాజా పి.వి.జి. రాజు ఇచ్చిన ప్యాలెస్‌లో 1962 జనవరిలో మొదలైంది. ఆ గేటు లోంచి యూనిఫారంలో వచ్చే పిల్లల్ని చూస్తూ పెరిగినవాళ్లు ఇక్కడ రెండు మూడు తరాలున్నారు. 1971లో పి.వి. నరసింహారావు నల్గొండ జిల్లా సర్వేల్‌లో గురుకుల పాఠశాల పెట్టించారు. ఆ వెనకే తాడికొండ, కొడిగెనహళ్లి వచ్చాయి. పల్లెటూరి పేద పిల్లల్లో చురుకైనవాళ్లను ఏరి, ఒకచోట ఉంచి, మంచి చదువు చెబితే ఏమవుతుందో ఆ మూడు బళ్లూ చూపించాయి. 1986 జాతీయ విద్యావిధానం అదే ఆలోచనను జిల్లాకొక నవోదయగా దాదాపు దేశమంతటికీ తీసుకెళ్లింది. మొదటి రెండు నవోదయలు హర్యానాలోని ఝజ్జర్‌లో, మహారాష్ట్రలోని అమరావతిలో వచ్చాయి. మా జిల్లాది కిల్తంపాలెంలో ఉంది.

ఒక్కో నవోదయలో ఆరో తరగతికి గరిష్ఠంగా 80 సీట్లు. వాటిలో కనీసం 75 శాతం గ్రామీణ బడుల్లో మూడు, నాలుగు, ఐదు తరగతులు చదివినవాళ్లకే. మూడో వంతు ఆడపిల్లలకు. చదువు, తిండి, బట్టలు, పుస్తకాలు అన్నీ ఉచితం. తొమ్మిదో తరగతి నుంచి నెలకు 600 రూపాయల విద్యాలయ వికాస నిధి కట్టాలి. ఆడపిల్లలకు, ఎస్సీ, ఎస్టీ పిల్లలకు, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు అదీ లేదు. పన్నెండో తరగతి దాకా ఇక బెంగ ఉండదు.

జూట్ మిల్లులో రోజు కూలీకి వెళ్లే మనిషికి, హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ల పనికి వలసపోయి పిల్లల్ని అమ్మమ్మ దగ్గర వదిలిన మనిషికి ఈ సీటు అంటే ఏమిటో వేరే చెప్పాలా? కిందటేడు ఓ తల్లి నాతో అన్న మాట ఇది: “టీచరమ్మా, మానాగ మట్టి మొయ్యకుండా ఉంటే సాలు. ఆ సీటొచ్చీసిందంటే మా గుంటడి బతుకు ఒడ్డున పడినట్టే.” ఆమెకు సమాధానం చెప్పడం నాకు సులువు కాలేదు. ఆమె అడిగేది న్యాయమైనదే. చిక్కంతా ఎనభై సీట్ల కోసం జిల్లా అంతటా వేల మంది తల్లులు అదే మాట అనుకోవడంలో ఉంది.

రెండు గంటల్లో ఏమడుగుతారు

నవోదయ ప్రశ్నపత్రాన్ని చాలామంది తల్లిదండ్రులు ఒక్కసారి కూడా విప్పి చూడరు. చూస్తే సగం భయం పోతుంది. మొత్తం 80 ప్రశ్నలు, 100 మార్కులు. ఉదయం పదకొండున్నర నుంచి ఒంటిగంటన్నర దాకా. ఇందులో 40 ప్రశ్నలు మానసిక సామర్థ్యానివి, వాటికే 50 మార్కులు. లెక్కలు 20, భాష 20. ఒక్కోదానికి 25 మార్కులు. తప్పు రాస్తే మార్కులు కోయరు. దరఖాస్తులో తెలుగు పెడితే పేపరు తెలుగులోనే ఇస్తారు.

భాషలో పేరాలిచ్చి, వాటిమీద ప్రశ్నలడుగుతారు. చందమామ కథ చదివి అర్థం చేసుకోగల పిల్లాడు దీన్ని రాయగలడు. మా దగ్గర ఓ పొరపాటు తరచూ జరుగుతుంది. “ఇంగ్లీషులో రాస్తేనే పరువు” అని తెలుగు గడగడా చదివే పిల్లల చేత ఇంగ్లీషు పేపరు పెట్టిస్తారు. పిల్లాడికి ఏ భాషలో పేరా చదివితే కథ కళ్లకు కడుతుందో ఆ భాషే పెట్టాలి. నవోదయలో ఎలాగూ తర్వాత ఇంగ్లీషు నేర్పుతారు.

మానసిక సామర్థ్యంలో మాటలుండవు, అన్నీ బొమ్మలే. నాలుగింటిలో వేరుగా ఉన్నది ఏది, అద్దంలో ఎలా కనిపిస్తుంది, ఈ ముక్క ఏ బొమ్మలో దాగుంది, కాగితాన్ని మడిచి చిల్లు పెట్టి విప్పితే ఎలా ఉంటుంది, ఇలా. బడి పుస్తకంలో లేనివి కాబట్టి పిల్లలు మొదట బెదురుతారు. పాత దినపత్రిక, పెన్ను మొన, చేతిలో పట్టే చిన్న అద్దం ఉంటే సగం పాఠం అయిపోతుంది.

ఓ ఏడాది జరిగింది చెబుతాను. తరగతిలో ఇద్దరి ముందు చదరంగా కత్తిరించిన కాగితం పెట్టి, రెండుసార్లు మడిచాను. వాళ్లు చూస్తుండగా, మడతలు రెండూ కలిసే మూలను చిటికెడు తుంచాను. “విప్పితే ఎన్ని చిల్లులు?” అన్నాను. పట్నంలో కోచింగ్‌కి వెళ్లొచ్చిన పిల్లాడు కాగితం వైపు చూడకుండానే, “రెండు మడతలైతే నాలుగు చిల్లులు టీచర్” అన్నాడు. అది వాడికి నేర్పిన కిటుకు. గొర్రెలు కాసే ఇంటి పిల్ల మాత్రం కాగితం చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. “అన్ని పొరలూ ఇక్కడే కలిశాయి కదా టీచర్, ఒక్కటే చిల్లు, నడిమధ్యలో” అంది. విప్పితే ఒక్కటే ఉంది. ఆ మూలలో కాకుండా మడతలకు దూరంగా చిల్లు పెడితే పిల్లాడి నాలుగు సరిపోయేది. కిటుకు ఎక్కడ పనిచేస్తుందో, ఎక్కడ పనిచేయదో వాడికి ఎవరూ చెప్పలేదు. ఆ ఏడాది వాళ్లిద్దరిలో ఎవరికీ సీటు రాలేదు. అయితే ఆ పిల్ల నేర్చుకున్నది ఏ పరీక్షకైనా పనికొస్తుంది.

సాధన అక్కర్లేదని నేను అనను. ఓఎంఆర్ షీట్‌లో గుండ్రాలు నింపడం, టైము చూసుకోవడం, బొమ్మల ప్రశ్నల రకాలు గుర్తుపట్టడం ముందే అలవాటు చేయాలి. ఆ రకాలన్నీ కొన్ని వారాల్లో చేతికొస్తాయి. ఆ తర్వాత గంటలు పెంచినకొద్దీ అలసట పెరగడమే నేను చూశాను.

పేరు మా బడిలో, పిల్లాడు పట్నంలో

ఈ పరీక్ష పల్లెటూరి పిల్లల కోసం పెట్టింది. ఇప్పుడు దాని చుట్టూ పట్నాల్లో హాస్టళ్లు వెలిశాయి. మూడంతస్తుల అద్దె భవనం, గదికి పది పన్నెండు మంది, పొద్దున నాలుగున్నరకు లేపడం, రాత్రి పదింటికి పడుకోబెట్టడం, ఆదివారం సాయంత్రం అమ్మతో ఫోను. ఇవి తొమ్మిది, పదేళ్ల పిల్లల రోజులు. మా బడి పిల్లాడి తండ్రి అలాంటి చోట ఏడాదికి 60 వేలు కట్టాడు. ఎడ్లు అమ్మి కట్టాడు.

నవోదయ రాయాలంటే ఐదో తరగతి ఏడాదంతా అదే జిల్లాలో, గుర్తింపు ఉన్న బడిలో చదవాలి. అందుకే పేరు మా బడి రిజిస్టరులో ఉంటుంది, పిల్లాడు మాత్రం పట్నంలో ఉంటాడు. “హాజరు వేసీండి టీచరమ్మా, మీకేటి పోద్ది” అని అడిగినవాళ్లున్నారు. వేయనన్నందుకు కోపం తెచ్చుకున్నవాళ్లూ ఉన్నారు. అలా హాజరు వేస్తే, బడికి రోజూ నడిచొచ్చే పక్కింటి పిల్ల అవకాశానికే అన్యాయం జరుగుతుందని వాళ్లకు తోచదు.

ఇంకో పద్ధతి మరీ బాధ కలిగిస్తుంది. నవోదయ ఆరో తరగతి పరీక్ష రెండోసారి రాయనివ్వరు, ఐదు ఒకసారి చదివేసినవాళ్లకూ అవకాశం లేదు. దాంతో కొందరు పిల్లల్ని నాలుగో తరగతి మళ్లీ చదివిస్తారు, ఒక ఏడాది అదనంగా కోచింగ్ దొరుకుతుందని. తోటివాళ్లంతా ఐదుకి వెళ్లిపోతే, బాగా చదివే పిల్లాడు నాలుగులోనే కూర్చుంటాడు. తప్పినందుకు కాదు, తెలివైనవాడైనందుకు.

2024లోనూ 2025లోనూ పరీక్ష సంక్రాంతి వెళ్లీ వెళ్లగానే వచ్చింది. ఊరంతా గొబ్బెమ్మలు, గంగిరెద్దులు, కొత్తబట్టలు. హాస్టళ్లలో ఉన్న పిల్లలకు పండక్కి ఒక పూట సెలవిచ్చి, కనుమ నాటికి వచ్చేయమన్నారట.

ఒంటిమీద కనిపించే ఒత్తిడి

పిల్లలు “నాకు ఒత్తిడిగా ఉంది” అనరు. వాళ్ల ఒళ్లు చెబుతుంది. సోమవారం పొద్దున కడుపునొప్పి, పడుకున్నాక పక్క తడపడం, గోళ్లు కొరకడం, అన్నం ముందు కూర్చుని కెలకడం, చిన్న తప్పుకే కన్నీళ్లు పెట్టుకోవడం, ముందు వచ్చిన లెక్కే ఇప్పుడు రాకపోవడం. వీటిలో రెండు మూడు వారాల తరబడి కనిపిస్తే పుస్తకం మూసేసి పిల్లల డాక్టరుకు చూపించాలి. దిష్టి తీయించి మళ్లీ చదవమనడం పరిష్కారం కాదు.

ఒత్తిడి ఎప్పుడూ తిట్ల రూపంలోనే రాదు. “నీకోసమే కదా ఇదంతా”, “నువ్వు సీటు తెస్తేనే మామయ్య ముందు తలెత్తుకుంటాను”, “వాళ్లమ్మాయికి వచ్చింది చూడు”. ఇవి ప్రేమగా అన్న మాటలే. హాస్టల్ ఫీజు కోసం నాన్న ఎడ్లు అమ్మారని ఆ పిల్లాడికి తెలుసు. పరీక్షకు నాలుగు రోజుల ముందు ఆ పిల్లాడు నన్నడిగాడు: “టీచర్, సీటు రాపోతే మళ్లీ ఎడ్లు కొనరా?” ఆ ప్రశ్న వాడు అమ్మానాన్నల్ని అడగలేదు. అడగలేకపోయాడు.

చట్టం ఏం చెబుతోంది

2009 విద్యాహక్కు చట్టంలోని 13వ సెక్షన్ బడిలో చేర్చుకోవడానికి పిల్లల్నీ తల్లిదండ్రుల్నీ వడపోయకూడదని చెబుతోంది. తప్పితే మొదటిసారి 25 వేల రూపాయల వరకు, తర్వాత ప్రతిసారీ 50 వేల వరకు జరిమానా. అంటే ఒకటో తరగతికి అమ్మానాన్నల్ని కూర్చోబెట్టి ఇంటర్వ్యూ చేసే ప్రైవేటు బడిని మీరు నిలదీయవచ్చు. నవోదయ, సైనిక్ స్కూళ్లను ఆ చట్టం ప్రత్యేక కేటగిరీగా పేర్కొంది. వాటిలో ఎంపిక పరీక్ష కొనసాగుతోంది.

కోచింగ్ సెంటర్ల మీద కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో మార్గదర్శకాలు ఇచ్చింది. పదహారేళ్లలోపు పిల్లల్ని చేర్చుకోకూడదు. సీటు, ర్యాంకు గ్యారంటీ అని ప్రకటించకూడదు. బడి వేళల్లో బడి పిల్లలకు కోచింగ్ నడపకూడదు. మధ్యలో మానేస్తే మిగిలిన కాలానికి ఫీజు పది రోజుల్లో తిరిగివ్వాలి. ఇవి మార్గదర్శకాలు, అమలు రాష్ట్రాల చేతిలో ఉంది. అయినా “ఫీజు వెనక్కివ్వం” అని దబాయించేవాళ్ల ముందు ఈ మాట చెప్పడానికి తల్లిదండ్రులకు హక్కుంది.

సీటొచ్చాక కూడా

సీటొచ్చిందంటే కథ అయిపోయిందని అనుకుంటారు. అక్కడే మొదలవుతుంది. జూలైలో పెట్టె, బకెట్టు పట్టుకుని వెళ్లిన పిల్లల్లో కొందరు దసరాకు వచ్చి తిరిగి వెళ్లమని మొండికేస్తారు. పై తరగతుల్లో లెక్కలు, సైన్సు ఇంగ్లీషులో. తొమ్మిదో తరగతిలో కొంతమందిని ఏడాదిపాటు వేరే భాష మాట్లాడే రాష్ట్రంలోని నవోదయకు పంపిస్తారు. అక్కడి పిల్లలు ఇక్కడికొస్తారు. నా దృష్టిలో నవోదయ గొప్పతనం ఇదే. మా ఊరి పిల్ల హిందీ నేర్చుకుని వచ్చి రైల్వే స్టేషన్లో ధైర్యంగా మాట్లాడటం నేను చూశాను. అయితే తన జడ తను వేసుకోవడం, తన బట్టలు తను ఉతుక్కోవడం, బెంగను మాటల్లో చెప్పుకోవడం వచ్చిన పిల్లలే అక్కడ నిలబడతారు. బలవంతాన చదివించి పంపినవాళ్లు బడికంటే ముందు ఇంటి మీద అలుగుతారు.

సైనిక్ స్కూలు లెక్క వేరు. ఆరో తరగతికి 300 మార్కుల పరీక్ష, అందులో సగం లెక్కలకే. ఫీజు ఏడాదికి లక్ష దాటుతుంది, స్కాలర్‌షిప్ ఉన్నా అందరికీ సరిపోదు. ఆ బడి ఉద్దేశం పిల్లల్ని నేషనల్ డిఫెన్స్ అకాడమీకి సిద్ధం చేయడం. 2021–22 నుంచి ఆడపిల్లలకూ ప్రవేశం ఉంది. సైన్యమంటే ఇష్టం, ఆటలంటే ప్రాణం ఉన్న పిల్లలకు అది మంచి చోటు. ఊళ్లో పేరు కోసం పంపించే చోటు కాదు.

రాకపోతే దారులు మూసుకుపోవు

ఫలితాలొచ్చిన రోజు మా ఊళ్లో కొన్ని ఇళ్లలో పొయ్యి వెలగదు. ఆ ఇళ్లకు వెళ్లి నేను చెప్పేది ఇదే. ఐదో తరగతిలో తప్పిన సీటుతో ఏ తలుపూ శాశ్వతంగా మూసుకుపోదు. నవోదయలో తొమ్మిది, పదకొండు తరగతుల్లో ఖాళీలుంటే మళ్లీ పరీక్ష పెడతారు. సైనిక్ స్కూల్లో తొమ్మిదో తరగతికీ ప్రవేశం ఉంది. బడి మానేసిన, తల్లిదండ్రులు లేని, పేదింటి ఆడపిల్లల కోసం కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలున్నాయి. అక్కడ ఆరులో చేరడానికి ఇలాంటి పోటీ పరీక్ష లేదు.

సర్కారు బడిలోనే ఉండిపోయిన పిల్లలకు కొన్ని ప్రత్యేక అవకాశాలున్నాయి, అవి చాలామందికి తెలియవు. ఎనిమిదో తరగతిలో ఎన్ఎంఎంఎస్ పరీక్ష పాసై, కుటుంబ ఆదాయం పరిమితిలో ఉంటే, తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12 వేల రూపాయల స్కాలర్‌షిప్ వస్తుంది. నవోదయ, సైనిక్ స్కూలు పిల్లలకు అది రాదు. పదో తరగతి తర్వాత నూజివీడు, ఇడుపులపాయ, బాసర వంటి ట్రిపుల్ ఐటీల్లో ఆ తరగతి మార్కుల మీదే సీట్లిస్తారు, ప్రభుత్వ బడిలో చదివిన పిల్లలకు అదనపు వెయిటేజీ కలుపుతారు. మా మండలం నుంచి ట్రిపుల్ ఐటీకి వెళ్లినవాళ్లలో నవోదయ సీటు రానివాళ్లు ఉన్నారు.

అమ్మానాన్నలకు నా మాట

పిల్లల్ని పరీక్ష రాయించండి. రోజుకు గంటకు మించకుండా, ఇంట్లోనే చదివించండి. పాత ప్రశ్నపత్రాలు మీ బడి టీచరును అడగండి, మేం తెచ్చిస్తాం. అరగంట లెక్కలు, అరగంట బొమ్మలు, పడుకునేముందు ఓ కథ చాలు. పరీక్ష నాటికి ఓఎంఆర్ షీటు మీద చేయి తిరిగితే చాలు. దరఖాస్తు పెట్టే రోజునే పిల్లల్ని కూర్చోబెట్టి, “వస్తే వెళ్దువు, రాకపోతే ఇక్కడే చదువుదువు, రెండూ నాకు ఒకటే” అని చెప్పండి. ఫలితం వచ్చాక చెబితే వాళ్లు నమ్మరు. డబ్బు ఎంత ఖర్చయిందో, ఎక్కడినుంచి తెచ్చారో పిల్లల ముందు మాట్లాడకండి. చుట్టాల ముందు మార్కులు చెప్పించకండి. నాలుగో తరగతి రెండోసారి చదివించకండి. పదేళ్లలోపు పిల్లల్ని కోచింగ్ హాస్టల్లో వేయకండి, ఎవరెంత గ్యారంటీ ఇచ్చినా.

ఇంకొక్క మాట కూడా చెప్పాలి, ఇది ఒక్క తల్లిదండ్రుల పనే కాదు. ఊరి బడిలో తరగతికో టీచరు, తలుపున్న మరుగుదొడ్డి, చదవడానికి కథల పుస్తకాలు ఉంటే ఎనభై సీట్ల కోసం ఇంత పరుగు ఉండదు. 2024 డిసెంబరులో తెలంగాణకు కొత్తగా ఏడు నవోదయలు మంజూరయ్యాయి, సంతోషమే. ఎన్ని కొత్తవి వచ్చినా ఊళ్లో మిగిలే పిల్లలే ఎక్కువ. అందుకే జూన్‌లో బడులు తెరవగానే మీ పిల్లల దరఖాస్తు గురించి అడిగినట్టే, మీ ఊరి బడి గురించి కూడా తల్లిదండ్రుల కమిటీ సమావేశానికి వచ్చి అడగండి. అడిగేవాళ్లుంటే మా పనీ మెరుగవుతుంది.